పిండికీ పొయ్యికీ మధ్య

జూన్ 3, సోమవారం

ఇవాళ మేనేజరు గారు గదిలోకి పిలిచి తలుపు వేయమన్నారు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఊడలేదు, పెరిగింది. ఇన్నేళ్లూ హాజరు పట్టీలు, సెలవు చీటీలు చూసుకుంటూ వచ్చినవాణ్ణి ఇకమీదట విజ్ఞాన వితరణ అధికారిని. నా దగ్గర విజ్ఞానం ఉందనే అనుమానం ఇంతవరకూ ఎవరికీ రాలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను. మీ దగ్గర ఉండక్కర్లేదు, ఉన్నవాళ్ల చేత పంచిపెట్టిస్తే చాలు అన్నారు.

మా ఫ్యాక్టరీలో చేసే గుండ్రటి పాల బిస్కెట్టు పొయ్యిలోంచి నిక్షేపంగా బయటికొస్తుంది, నిక్షేపంగా పొట్లంలోకి వెళ్తుంది, మర్నాటికల్లా పొట్లంలో ఉన్నది ఉన్నట్టే నడిమికి పగులుతుంది. దుకాణాల వాళ్లు పెట్టెలు తిప్పి పంపుతున్నారు. పిండి కలిపే విభాగానికి పెద్ద, అందరూ పిండి మేడం అంటారు, తప్పంతా పొయ్యిదే అంటుంది. పొయ్యి విభాగం పెద్దాయన తప్పంతా పిండిదే అంటాడు. ఇద్దరూ వాళ్ల వాళ్ల పనిలో ఉద్దండులు. వాళ్ల కింద ఉన్నవాళ్లూ తక్కువవాళ్లేం కాదు. రెండు గదులకీ మధ్య ఒక తలుపుంది. దానికి అటువైపు వాళ్లొక బీరువా, ఇటువైపు వీళ్లొక బీరువా అడ్డం పెట్టుకున్నారు. ముందు ఎవరు పెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

వానలు వెనకబట్టేలోగా ఇది తేలకపోతే పాల బిస్కెట్టు ఆపేస్తారట. ఆపేస్తే పిండివాళ్లూ పొయ్యివాళ్లూ ప్యాకింగులో ఆడవాళ్లూ అందరూ ఇంటికే. నా సంగతి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

నన్నే ఎందుకు ఎంచుకున్నారని మాత్రం అడిగాను. "మీ గురించి రెండు విభాగాల్లోనూ ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు" అన్నారు. ఇంతకన్నా కితాబు ఏం కావాలి.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ, బిస్కెట్ల గురించి మీకేం తెలుసు అంది. ఏమీ తెలియనివాడే ఎటూ మొగ్గకుండా ఉండగలడన్నాను. "అలా అయితే మీకంటే తగినవాళ్లు దొరకరు" అంది. సంతోషం వేసింది.

జూన్ 6, గురువారం

మొదటి సమావేశం. ఇకనుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం. ఎవరు ముందు, ఎవరు వెనక అని లేకుండా మడత కుర్చీలు గుండ్రంగా వేయించాను. అయినా పిండివాళ్లు ఒక అర్ధచంద్రంగా, పొయ్యివాళ్లు ఒక అర్ధచంద్రంగా కూర్చున్నారు. మధ్యలో రెండు వైపులా ఖాళీ. ఒక ఖాళీలో నేను కూర్చున్నాను.

తెలిసింది పంచుకుంటే తరగదు, పెరుగుతుంది అని మొదలుపెట్టాను. అందరూ శ్రద్ధగా కిందికి చూశారు. పిండి మేడం గోధుమ పుట్టుపూర్వోత్తరాల గురించి చెప్పింది. ఆదిమానవుడు గింజల్ని రాళ్ల మీద నూరుకున్న దగ్గర మొదలెట్టి, తిరగలి దాకా వచ్చేసరికి ఆవిడకిచ్చిన సమయం అయిపోయింది. పెద్దాయన నిప్పు గొప్పతనం గురించి చెప్పాడు. ఆయనా ఆదిమానవుడితోనే మొదలెట్టాడు. బిస్కెట్టు దాకా ఇద్దరిలో ఎవరూ రాలేదు. కానీ ఇద్దరూ ఒకే చోట మొదలయ్యారు కదా, అదే శుభసూచకం.

చాలా ఫలవంతం అని రిపోర్టులో రాశాను.

జూన్ 7, శుక్రవారం

పెట్టెలు మళ్లీ వెనక్కొచ్చాయి.

జూన్ 13, గురువారం

ఊరికే పంచుకోమంటే ఎవరు పంచుకుంటారు? అందుకని నక్షత్రాలు పెట్టాను. ఎవరైనా తమకు తెలిసిన ఒక విషయం చీటీ మీద రాసి పెట్టెలో వేస్తే వాళ్ల పేరు ఎదురుగా గోడమీద ఒక నక్షత్రం. నేను ఊహించనంత స్పందన. వారం తిరక్కుండానే పెట్టె నిండింది. "పిండి తెల్లగా ఉండును." "పిండి ముట్టుకొనే ముందు చేతులు కడుక్కొనవలెను." "కడుక్కొన్న పిమ్మట తుడుచుకొనవలెను." ఇవి పిండివాళ్లవి. "పొయ్యి వేడిగా ఉండును. తాకరాదు." ఇది పొయ్యివాళ్లది. "తాకినచో కాలును." ఇదీ వాళ్లదే, మరో చీటీ.

విషయాలు చిన్నవే కావచ్చు. చినుకూ చినుకూ కలిస్తేనే కదా వాగు. నక్షత్రాలతో ఒక గ్రాఫు గీసి మేనేజరు గారికిచ్చాను. గీత నిచ్చెనలా పైకి పోతోంది. ఆయన దాన్ని ముఖ్య కార్యాలయానికి పంపారు. వాళ్లు మెచ్చుకుంటూ జవాబిచ్చారట.

బిస్కెట్లు పగులుతూనే ఉన్నాయి.

జూన్ 16, ఆదివారం

చెల్లెలు వచ్చి చాలా రోజులైంది. వాళ్లింట్లో గోడలు కొట్టి బాగుచేయిస్తున్నారు, అయ్యేదాకా మా దగ్గరే. వచ్చిన మొదటివారమే వంటింట్లో డబ్బాలు ఎలా సర్దాలన్న దగ్గర వదినా ఆడపడుచులకి మాట తేడా వచ్చింది. అప్పట్నుంచీ ఎడమొహం పెడమొహం. "అన్నయ్యా, ఉప్పు ఎక్కడుందో వదినని అడుగు" అని చెల్లెలు. "ఉన్నచోటే ఉందని చెప్పండి మీ చెల్లెలికి" అని ఈవిడ. ఇద్దరూ నిలబడేది ఒకే గట్టు దగ్గర. నేను కూర్చునేది ముందుగదిలో.

ఫ్యాక్టరీలో పనికొచ్చిన పద్ధతి ఇంట్లో ఎందుకు పనికిరాదనిపించింది. హాల్లో కుర్చీలు మూడు గుండ్రంగా వేశాను. ఎదుటివాళ్ల దగ్గర నేర్చుకున్న మంచి విషయం ఒకటి చెప్పండని ఇద్దర్నీ అడిగాను. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. కాసేపటికి లోపలినుంచి నవ్వులు. చాలాసేపు ఇద్దరూ కలిసి నవ్వారు. నేను వెళ్లేసరికి ఆపేశారు. చెల్లెలి కళ్లలో నీళ్లు కూడా తిరుగుతున్నాయి.

ఇంత తొందరగా ఫలితం ఉంటుందనుకోలేదు.

జూన్ 20, గురువారం

ఈసారి కుర్చీలు వద్దనుకుని అందర్నీ పిండి గదిలోకి తీసుకెళ్లాను. పొయ్యివాళ్లు ఆ గడప దాటడం ఎన్నాళ్లకో. చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరో పోయిన ఇంటికి పలకరింపుకొచ్చినట్టు నిలబడ్డారు. నిశ్శబ్దం భరించలేక నేనే టోపీ పెట్టుకుని తొట్టి దగ్గరికెళ్లి, ఈ పిండి పులవడానికి ఎంతసేపు ఉంచుతారు అని అడిగాను.

"ఇది పులవదండీ" అన్నారు పిండి మేడం, పొయ్యి పెద్దాయన, ఇద్దరూ ఒకే క్షణంలో. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు.

వాళ్లిద్దరూ ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం ఇదే మొదటిసారి. రిపోర్టులో కింద గీత గీసి మరీ రాశాను.

జూన్ 28, శుక్రవారం

అటువైపు బీరువా జరిపారు. పొద్దున వెళ్లేసరికి ఇటువైపుది కూడా జరిగి ఉంది. ఎవరు చెప్పారని అడిగితే ఎవరూ చెప్పలేదన్నారు. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాలు కూడా పిండి గదిలోనే, రెండు విభాగాల వాళ్లూ కలిసి, ఒకే బల్ల దగ్గర. నేను ఆ పక్కగా వెళ్తుంటే మాటలు ఆగాయి. గౌరవం.

జూలై 4, గురువారం

ఇంత హుషారైన సమావేశం ఇదివరకు లేదు. పిండివాళ్లూ పొయ్యివాళ్లూ కలగలిసి కూర్చున్నారు. బిస్కెట్టు ఎందుకు పగులుతోందో మీ అభిప్రాయం కూడా చెప్పండి సార్ అని పెద్దాయనే అడిగాడు. ఇన్నేళ్లలో నా అభిప్రాయం అడిగింది ఆయనొక్కడే. నేను కాస్త ఆలోచించి, నీళ్లు చాలక నేల బీటలు తీసినట్టు బిస్కెట్టుకీ దాహం వేస్తోందేమో, పిండిలో నీళ్లు తక్కువవుతున్నాయేమో చూడండి అన్నాను. కొందరు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పిండి మేడం తల దించుకుంది, భుజాలు కదులుతున్నాయి.

మనసు పెట్టి చెబితే తాకుతుంది.

జూలై 9, మంగళవారం

రాయాలా వద్దా అని ఇందాకటినుంచీ ఆలోచిస్తున్నాను.

గురువారానికి కుర్చీలు తీయిద్దామని ఖాళీ డబ్బాల గదిలోకి వెళ్లాను. మడత కుర్చీలు డబ్బాల వెనక ఉంటాయి. నేను వెనక ఉండగా పెద్దాయనా పిండి మేడమూ టీ కప్పులతో లోపలికొచ్చారు. యంత్రాల రొద వినపడని చోటు అదొక్కటే. పలకరిద్దామని అడుగు వేయబోతూ నా గొంతు విన్నాను.

నా గొంతే. తెలిసింది పంచుకుంటే తరగదు, పెరుగుతుంది. ఆ దగ్గూ నాదే, ఆ సాగదీతా నాదే. పెద్దాయన అనుకరిస్తున్నాడు. పిండి మేడం కడుపు పట్టుకుని నవ్వుతోంది. నవ్వు కాస్త తగ్గాక, ఆయన గరిటె అండీ, అన్ని గిన్నెల్లోనూ తిరుగుతుంది, దేని రుచీ తెలీదు అంది. ఆ పేరు పెట్టింది తనేనట. అందరికీ తెలుసట.

తర్వాత పెద్దాయన బిస్కెట్టు దాహం మొదలుపెట్టాడు. అదింకా బాగా వచ్చింది ఆయనకి. ఆవిడ నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగింది.

"నీళ్లు తగ్గించిన మాట మాత్రం నిజమేనండీ" అంది. "కొత్త మిల్లు గోధుమపిండి వచ్చినప్పట్నుంచీ చేతికి అంటుకుంటోందని కాస్త తగ్గించాం."

"తగ్గించారా? మాకు చెప్పలేదే."

"మిమ్మల్ని పలకరిస్తే కదా చెప్పడానికి."

తర్వాత పెద్దాయన, నవ్వు లేని సొంత గొంతుతో, "రంగు తొందరగా వచ్చేస్తోందని నేను పొయ్యిలో బిస్కెట్లు నడిచే బెల్టు వేగం పెంచానండీ. మాడిపోతుందేమోనని" అన్నాడు.

"పెంచారా?"

"పెంచాను. పైన రంగొచ్చేసింది, నడుమ తడి ఉండిపోయింది. ఆ తడి పొట్లంలోకెళ్లాక అంచుకి పాకుతోంది. అంచు ఉబ్బి, నడుమ ముడుచుకుంటే పగలక ఏం చేస్తుంది?"

"ఒకళ్లు చేసిందానికి ఇంకొకళ్లు విరుగుడు చేస్తూ కూర్చున్నామన్నమాట" అంది ఆవిడ.

కప్పులు అక్కడే వదిలేసి ఇద్దరూ దాదాపు పరుగున వెళ్లారు. నా మోచెయ్యి తగిలి ఒక డబ్బా మూత కిందపడింది. పెద్దాయన గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూశాడు. నన్ను చూశాడో లేదో తెలియదు. నేను మాత్రం ఆయన్ని చూశాను.

జూలై 10, బుధవారం

మేనేజరుకి ఫిర్యాదు రాయాలనుకున్నాను. ఏమని రాయను? నన్ను చూసి నవ్వుతున్నారు, నవ్వుతూ నవ్వుతూ బిస్కెట్టు బాగుచేశారు అనా?

నీళ్లు పెంచి, బెల్టు నెమ్మది చేసి నిన్న కొంచెం కాల్చారట. ఇవాళ పొట్లాలు విప్పితే చాలామటుకు సాపుగానే ఉన్నాయి. కానీ రంగు తేలిపోయింది. రంగు కోసం చక్కెర పెంచితే బిస్కెట్టు వెడల్పవుతుందట. ఇంకా చాలా సర్దుకోవాలి, ఇద్దరూ కలిసి. ఇవన్నీ నాకు ప్యాకింగు ఆవిడ చెప్పింది. వాళ్లిద్దరూ నన్ను తప్పించుకు తిరిగారు, తేలు కుట్టిన దొంగల్లా.

వంటింట్లో ఇవాళ కూడా నవ్వులు. లోపలికి వెళ్లలేదు.

భోజనం దగ్గర సగం వదిలేస్తే మా ఆవిడ ఏమైందంది. చెప్పేశాను. గరిటె అంటున్నారని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. పెదవులు బిగబట్టి చాలాసేపు కంచం వైపు చూసి, "మీ చెల్లికి చెప్పనా?" అంది.

చెప్పమన్నాను.

జూలై 11, గురువారం

వెళ్లకూడదనుకుని వెళ్లాను. కుర్చీలు గుండ్రంగానే ఉన్నాయి. మనుషులు మాత్రం మళ్లీ మొదటి గురువారంలా, అటు అర్ధచంద్రం, ఇటు అర్ధచంద్రం. పెద్దాయన నేల చూపులు చూస్తున్నాడు. పిండి మేడం గాజు సవరించుకుంటోంది. నేను విన్నానని అందరికీ తెలిసిపోయింది. నన్ను నొప్పించింది నువ్వంటే నువ్వని లోలోపల గొడవ కూడా అయినట్టుంది. చక్కెర మాట ఒక్కరూ ఎత్తలేదు.

నేను గంభీరంగా కూర్చున్నాను. మనసులో కొంత తృప్తి కూడా కలిగింది, అబద్ధమెందుకు. ఇంకాస్తసేపు అలాగే కూర్చుంటే బాగా బుద్ధొస్తుంది వీళ్లకి అనుకున్నాను. కానీ వచ్చేది బుద్ధి కాదు, బీరువాలు. బీరువాల వెనకే పగుళ్లు. పాల బిస్కెట్టు ఆగిపోతే ప్యాకింగు ఆవిడ తన టిఫిను డబ్బా తీసుకుని ఏ మొహంతో బయటికి నడుస్తుందో కూడా కనపడింది.

గొంతు సవరించుకుని, నాకొక ఆలోచన వచ్చింది అన్నాను. బిస్కెట్టుని తిరగేసి కాలిస్తే పగులు కింది వైపుకి పోతుంది కదా, కొనేవాళ్లకి కనపడదు కదా అన్నాను.

ఎవరూ కదల్లేదు. పెద్దాయన మెల్లిగా తలెత్తి పిండి మేడం వైపు చూశాడు. ఆవిడ ఆయన వైపు చూసింది. ముందు పొయ్యివాళ్లలో ఒకడికి దగ్గు వచ్చింది. తర్వాత అందరికీ వచ్చింది. తిరగేస్తే పైనున్న పాలపూత ఎక్కడికి పోతుందండీ అని ఒకరు, పూత సంగతి సరే, చక్కెర ఏం చేద్దాం అని ఇంకొకరు. కాసేపట్లో కుర్చీలు ఒక చోటికి జరిగాయి. నన్ను మర్చిపోయారు.

నేను వచ్చేస్తుంటే గదిలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

జూలై 18, గురువారం

ఈవేళ నేనడిగింది: ఉప్పు బిస్కెట్టుకి సముద్రపు నీళ్లు వాడితే ఖర్చు కలిసిరాదా?

బాగా పనిచేసింది.

ఆగస్టు 5, సోమవారం

పెట్టెలు వెనక్కి రావడం ఆగింది. పాల బిస్కెట్టు నిలబడింది. మేనేజరు గారు నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఇతర ఫ్యాక్టరీలకు పంపాలి, మీ పద్ధతి ఏమిటో వివరంగా రాసివ్వమన్నారు.

ఉన్నదున్నట్టు రాస్తే ఒక్క వాక్యం చాలు: ప్రతి చోటా ఒక తెలివితక్కువవాణ్ణి నియమించి, మిగతావాళ్లని కలిసి నవ్వుకోనివ్వండి. కానీ అది అధికారులకి కొత్త విషయం అవుతుందో కాదో నాకు సందేహం. కుర్చీల గురించి, నక్షత్రాల గురించి, గ్రాఫుల గురించి రాసిచ్చాను. ఇకనుంచి అన్ని ఫ్యాక్టరీల్లోనూ గోడలకి నక్షత్రాలట.

చెల్లెలు నిన్న వాళ్లింటికి వెళ్లిపోయింది. మా ఆవిడ గుమ్మం దాకా వెళ్లి చాలాసేపు చెయ్యి వదల్లేదు. వంటిల్లు బోసిగా ఉందంటోంది.

ఆగస్టు 22, గురువారం

ఈ పని అనుకున్నంత తేలిక కాదు. మొదట్లో తెలియక అడిగేవాణ్ణి, అప్రయత్నంగా వచ్చేవి. ఇప్పుడు కావాలని అడగాలంటే ముందు అసలు సంగతి తెలియాలి. తెలిస్తేనే కదా దానికి సరిగ్గా ఎదురు పోగలం. అందుకని గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చి చదువుతున్నాను. పొయ్యిలో మొదటి భాగం వేడి ఎందుకు, చివరి భాగం ఎందుకు, పిండికి విశ్రాంతి ఎందుకు, అన్నీ. చదివేకొద్దీ నాకు తెలియని విషయం దొరకడం కష్టమవుతోంది. మా ఆవిడకి నాలుగు ప్రశ్నలు చదివి వినిపించి, ఏది బాగా తెలివితక్కువగా ఉందో చెప్పమంటున్నాను. ఆవిడ ఈ విషయంలో మంచి న్యాయనిర్ణేత.

సెప్టెంబరు 5, గురువారం

ఇవాళ్టి ప్రశ్న: బయట చెమ్మ ఎక్కువున్న రోజుల్లో బిస్కెట్లు చల్లార్చే చోట ఫ్యాను ఆపేస్తే పోదా?

ఎవరూ నవ్వలేదు. సమావేశం తొందరగా అయిపోయింది. వాళ్లకేదో పని తొందర ఉన్నట్టుంది.

సెప్టెంబరు 11, బుధవారం

మధ్యాహ్నం పిండి మేడం స్వయంగా నా గదికొచ్చి, ఇవాళ మాతో భోజనానికి రండి సార్ అంది. నాకు చెయ్యి కడుక్కోవాలో, చొక్కా సర్దుకోవాలో తోచలేదు. బల్ల దగ్గర నాకు మధ్యలో చోటిచ్చారు. అన్నం పెట్టారు, కూర పెట్టారు, మంచినీళ్లు పోశారు. ఇంకొంచెం వేసుకోండి అన్నారు. వేసుకున్నాను.

ఎవరూ మాట్లాడలేదు. ఎండ గురించి ఒకరన్నారు. అవునన్నారు ఇంకొకరు. చెంచాల చప్పుడు తప్ప ఏమీ లేదు. పొయ్యి కుర్రవాళ్లలో ఒకడు పిండివాళ్లలో ఒకామెని ఏదో అడగబోయి నన్ను చూసి మానుకున్నాడు. రోజూ ఈ గది పక్కనుంచి వెళ్తూ వినే గోలంతా ఎక్కడికి పోయిందా అనుకున్నాను. తర్వాత అర్థమైంది. వాళ్లు మాట్లాడుకునే విషయం వాళ్ల మధ్య కూర్చుని అన్నం తింటోంది.

గబగబా తినేసి, మేనేజరు గారు పిలిచారని చెప్పి లేచాను. వాళ్లు మొహమాటానికి ఇంకాసేపు కూర్చోమన్నారు. పెద్దాయన కూడా నాతోపాటు లేచి కుళాయి దాకా వచ్చాడు. ఇద్దరం చేతులు కడుక్కున్నాం. ఆయన వెనక్కి ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"పోయిన గురువారం ప్రశ్న కుదర్లేదండీ. తెలిసినవాళ్లు అడిగినట్టుంది."

ఎప్పట్నుంచి తెలుసని అడిగాను.

"తిరగేసి కాల్చమన్నారు చూడండి, అప్పట్నుంచీ. మేడంకీ తెలుసు. కుర్రాళ్లకి తెలీదు. వాళ్లకి తెలియకపోవడమే మంచిది." తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని, దాన్ని నాకిచ్చాడు. "ఫ్యాను మాత్రం ఆపాం. బాగా పనిచేసింది."

వెళ్లిపోయాడు. నేను నడవాలో నాలుగడుగులు వేశానో లేదో వెనక గదిలో గోల మొదలైంది. అందరూ ఒకేసారి. మధ్యలో నా దగ్గు, నా సాగదీత, పెద్దాయన గొంతులో. ఇవాళ కొంచెం నెమ్మదిగా నడిచాను.

ఇన్ని గురువారాల్లో ఒక నిపుణుడు నా పని గురించి నాకు చెప్పిన మాట ఇదే మొదటిది. రిపోర్టులో రాయడానికి వీల్లేదు.

రేపు గురువారం. ప్రశ్న ఇంకా దొరకలేదు. మా ఆవిడ వంటింట్లో చెల్లెలితో ఫోనులో మాట్లాడుతోంది. నవ్వుతున్నారు. అయ్యాక వెళ్లి ఇద్దర్నీ అడగాలి.